లైబ్రరీ పీరియడ్‌లో స్టార్లు ఆపేయాలా, బహుమతి పెంచాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: జిల్లా పరిషత్ హైస్కూల్లో 7వ తరగతి, 42 మంది పిల్లలు. లైబ్రరీ పీరియడ్‌లో ఒక పుస్తకం చదివితే ఒక స్టార్, 10 స్టార్లకు ఒక పెన్ను, నెలాఖరున ఎక్కువ స్టార్లు వచ్చిన ముగ్గురికి ప్రార్థన సమయంలో అందరి ముందూ బహుమతి. మొదటి నెల బాగా నడిచింది. మూడో నెలకల్లా పిల్లలు పల్చటి పుస్తకాలే ఏరుకుంటున్నారు. "దీనికి స్టార్ ఇస్తారా టీచర్?" అని అడిగాకే పుస్తకం ముట్టుకుంటున్నారు. అంతకుముందు తమంతట తామే చదువుకునే నలుగురైదుగురు కూడా ఈ లెక్కల్లో పడ్డారు. ఇప్పుడు స్టార్లు ఆపేయాలా, బహుమతి పెంచాలా?

టీచర్ గారూ, బహుమతి పెంచకండి. స్టార్లు ఆపండి గానీ రేపే కాదు. ఎలా ఆపాలో చెప్పేముందు మీ తరగతిలో ఏం జరిగిందో చూద్దాం, ఎందుకంటే ఆపే పద్ధతి దాన్నిబట్టే ఉంటుంది.

టెట్, డీఎస్సీ పుస్తకాల్లో అంతర్గత ప్రేరణ (ఇష్టమై చేయడం), బాహ్య ప్రేరణ (బహుమతి కోసమో, భయంతోనో చేయడం) అని రెండు గళ్ళు గీసి చదువుకుంటాం. మొదటిది మంచిది, రెండోది నాసిరకం అన్న భావన మనసులో ఉండిపోతుంది. బహుమతి ఎప్పుడూ చెడగొడుతుందనుకోవడం పొరపాటు. అది ఒక ప్రత్యేకమైన చోట చెడగొడుతుంది. పిల్లవాడికి ఆ పని మీద ఇష్టం అప్పటికే ఉండి, "ఇది చేస్తే అది ఇస్తాను" అని మనం ముందే ఒప్పందం పెట్టినప్పుడు. ఈ రెండూ కలిసినచోటే ప్రమాదం.

1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపించింది. 3 నుంచి 5 ఏళ్ళ పిల్లల్లో స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టపడేవాళ్ళనే ఎంచుకున్నారు. ఒక గుంపుకి బొమ్మ వేస్తే రిబ్బను, బంగారు రంగు ముద్ర ఉన్న పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇంకో గుంపుకి ఏమీ చెప్పకుండా, వేశాక అదే పత్రం ఇచ్చారు. మూడో గుంపుకి ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఆడుకునే సమయంలో పెన్నులు ఊరికే బల్ల మీద పెట్టి చూస్తే, ముందే మాట పుచ్చుకున్న పిల్లలు మిగతా రెండు గుంపులతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటిని ముట్టుకున్నారు. చెప్పకుండా పత్రం అందుకున్నవాళ్ళ ఇష్టం తగ్గలేదు. పత్రం అందరికీ ఒకటే, తేడా అంతా ముందస్తు ఒప్పందంలోనే ఉంది. ఒప్పందం పెట్టగానే బొమ్మ వేయడం ఆట కాకుండా పోయి, పత్రం కోసం చేసే పని అయింది.

మీ దగ్గర ముందునుంచీ చదివే ఆ నలుగురైదుగురికి జరిగింది ఇదే. వాళ్ళ చదువుకు మనం ఒక ధర కట్టాం. ధర కట్టాక ఎవరైనా తక్కువ శ్రమతో ఎక్కువ సంపాదించే దారే చూస్తారు. పల్చటి పుస్తకాలు ఏరుకోవడం వాళ్ళ సోమరితనం కాదు. "పుస్తకానికి ఒకటి" అన్న కొలత మనం పెట్టిందే, పిల్లలు దాన్ని సరిగ్గానే అర్థం చేసుకున్నారు.

రెండో పొరపాటు "మొదటి ముగ్గురు". 42 మందిలో ఆ ముగ్గురూ ఎవరో రెండో వారానికే అందరికీ తెలిసిపోతుంది. మిగతా వాళ్ళలో చాలామందికి ఆ బహుమతి తమది కాదని అర్థమై ప్రయత్నం మానేస్తారు. గోడ మీది చార్టు వాళ్ళకి రోజూ కనిపించే ఓటమి. నా లెక్కలో పెన్ను కంటే ఈ ర్యాంకు చేసే హాని పెద్దది.

అయితే బహుమతులు అన్నిచోట్లా పనికిరావని తీర్మానించకండి. అమెరికాలో రోలాండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త 2011లో ప్రచురించిన అధ్యయనాన్ని చూడండి. డల్లాస్ నగరంలో 2వ తరగతి పిల్లలకు చదివిన ప్రతి పుస్తకానికి 2 డాలర్లు ఇచ్చారు. చదివాక కంప్యూటర్ మీద చిన్న క్విజ్ రాసి 80 శాతం సరిగ్గా చెప్పాలి. వాళ్ళకి చదివి అర్థం చేసుకునే సామర్థ్యం పెరిగింది. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు డబ్బు ఇస్తే ఫలితమేమీ లేదు. కారణం చాలా సాదా. పుస్తకం చదవడం పిల్లవాడి చేతిలో ఉన్న పని, మార్కు అలా కాదు. ఇంకా ఎక్కువ సంపాదించాలంటే ఏం చేస్తావని అడిగితే న్యూయార్క్ పిల్లలు ప్రశ్న జాగ్రత్తగా చదువుతాం, జవాబు మళ్ళీ సరిచూసుకుంటాం అన్నారు గానీ పాఠం చదవడం, టీచర్‌ని అడగడం వంటివి వాళ్ళకి తట్టలేదు. "90 పైన వస్తే సైకిల్ కొంటాను" అనే తండ్రులకు పేరెంట్స్ మీటింగ్‌లో ఈ ఒక్క విషయం చెప్పగలిగితే చాలు. సైకిల్ కొనడం తప్పు కాదు. 90 తెచ్చుకోవడానికి రేపు పొద్దున లేచి ఏం చేయాలో పిల్లవాడికి తెలియకపోతే ఆ సైకిల్ వాడికి భయమే మిగులుస్తుంది.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది, కాకపోతే అది ఉపాధ్యాయుల మీద. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 2005 నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన ప్రయోగంలో, పిల్లల సగటు మార్కుల పెరుగుదల 5 శాతం దాటాక ప్రతి అదనపు శాతానికి టీచర్లకు 500 రూపాయల బోనస్ పెట్టారు. రెండేళ్ళలో గణితంలో, భాషలో పిల్లలు మెరుగయ్యారు. బోనస్ లేని సబ్జెక్టుల్లో కూడా నష్టం రాలేదు సరికదా, మార్కులు పెరిగాయి. గమనించాల్సింది కొలత. అక్కడ ఎవరు ఫస్టు అన్న లెక్క లేదు, ఉన్నచోటునుంచి ఎంత పెరిగారన్నదే లెక్క. వెనకబడిన బడికీ గెలిచే దారి ఉంది.

ఇక మీ తరగతికి వద్దాం. మొదటి వారం ఏమీ మార్చకండి, చూడండి. ఎడ్వర్డ్ డెసి అనే మనస్తత్వవేత్త 1971లో వాడిన కొలత ఇప్పటికీ అన్నిటికంటే నమ్మకమైనది, ఖర్చు లేనిది. అతను విద్యార్థులకు పజిల్స్ ఇచ్చి, మధ్యలో 8 నిమిషాలు ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్ళి, ఎవరూ అడగనప్పుడు వాళ్ళు పజిల్ ముట్టుకుంటున్నారా లేదా అని చూశాడు. మీరూ అదే చేయండి. వారంలో రెండుసార్లు, 10 నిమిషాలు, బల్ల మీద పుస్తకాలతోపాటు రంగు పెన్సిళ్ళు, అష్టాచమ్మా పలక, పాత వార్తాపత్రికలు పెట్టి "మీ ఇష్టం, దీనికి స్టార్లు లేవు" అని చెప్పి మీ పని మీరు చూసుకోండి. ఎవరు పుస్తకం తీశారు, ఎంతసేపు ఉంచుకున్నారు అని హాజరు పట్టీ పక్కన చుక్కలు పెట్టుకోండి. ఒక్కసారి చూసి తేల్చకండి, ఎండ ఎక్కువైనా, పక్క తరగతిలో ఆటలున్నా అంకె మారిపోతుంది.

పుస్తకం ముట్టుకోని వాళ్ళని అదే వారం ఒక్కొక్కరిగా పక్కకి పిలిచి రెండు నిమిషాలు చదివించండి. పల్లె పిల్లలు ఏ స్థాయిలో చదవగలరో చూసే అసర్ సర్వేలో వాడే తరహా కాగితం చాలు. అక్షరాలు, చిన్న పదాలు, 1వ తరగతి స్థాయి పేరా, 2వ తరగతి స్థాయి కథ. పేరాలో మూడు కంటే ఎక్కువ తప్పులొస్తే ఆ పిల్లవాడికి ఇంకా పేరా స్థాయి రాలేదని లెక్క. ఇది చాలామంది వదిలేసే మెట్టు. "వీడికి ఆసక్తి లేదు" అని మనం రాసే పిల్లల్లో కొందరికి ఉన్న ఇబ్బంది ఆసక్తిది కాదు. ఒత్తులు, సంయుక్తాక్షరాలు వచ్చిన ప్రతిచోటా కూడబలుక్కుంటూ ఆగిపోయే పిల్లవాడికి కథ చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండదు. వాడికి స్టార్ ఇచ్చినా, స్వేచ్ఛ ఇచ్చినా, కథ గొప్పదైనా ఉపయోగం లేదు. వాళ్ళని ప్రేరణ లెక్కలోంచి తీసేసి, ఆరేడు వారాలు రోజూ అరగంట, వాళ్ళ స్థాయి పేరాలతో విడిగా చదివించాలి. తరగతి ముందు గట్టిగా చదవమని మాత్రం ఈ కాలంలో వాళ్ళని అడగకండి.

రెండో వారం మొదట తీసేయాల్సింది నెలాఖరు ర్యాంకు బహుమతి. తర్వాత గోడ మీది చార్టు. స్టార్లు ఇంకా ఉండనివ్వండి, కానీ అవి పిల్లల నోటుబుక్కు వెనక పేజీలోకి వెళ్ళాలి. మూడో వారం కొలత మార్చండి. పుస్తకానికి కాకుండా, 20 నిమిషాలు కూర్చుని చదివి తారీఖు, పేజీ సంఖ్య, ఒక వాక్యం రాస్తే వాళ్ళే తమ పేజీలో ఒక స్టార్ గుర్తు వేసుకోవాలి. ఆ వాక్యం కథాసారం కాకూడదు. సారం అడిగితే అట్ట వెనక ఉన్నది ఎక్కించేస్తారు. "ఇక్కడ నాకు నవ్వొచ్చింది", "ఈ ముసలాయన చేసింది నాకు నచ్చలేదు" లాంటిది చాలు. గుర్తు పెట్టే చేయి మీది కాకుండా వాళ్ళదైతే స్టార్ జీతంలా కాక, చేసిన పనికి లెక్కలా కనిపించడం మొదలవుతుంది. అబద్ధపు గుర్తులు పెట్టేవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు. దానిమీద విచారణ పెట్టకండి. పెన్ను వచ్చే దారి మూసుకుపోయాక అబద్ధానికి లాభం ఉండదు, అదే ఆగిపోతుంది.

పెన్నులు ఎప్పుడు ఆపాలి? సహజంగా విరామం వచ్చే చోట. దసరా సెలవులో, సంక్రాంతి సెలవులో దగ్గరుంటే సెలవుల ముందు రోజు అప్పటిదాకా సంపాదించినవాళ్ళందరికీ బాకీ తీర్చేసి, "సెలవులయ్యాక పెన్నులు ఉండవు, చదవడం మాత్రం ఉంటుంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. మాట ఇచ్చినది ఎగ్గొట్టి ఆపితే పిల్లలకు చదువు మీద కంటే మీ మాట మీద నమ్మకం పోతుంది. ఆపాక ఒకటి రెండు వారాలు చదవడం తగ్గుతుంది, అది చూసి భయపడి మళ్ళీ మొదలుపెట్టకండి. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో జరిగి, 2000లో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్ళే తల్లిదండ్రులకు కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల్లో జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయి. జరిమానా తీసేశాక కూడా తగ్గలేదు. ఒకసారి ధర కట్టాక పాత మర్యాద దానంతటది తిరిగి రాదు. ఆ ఖాళీలో మనం వేరేదేదైనా పెట్టాలి.

ఏం పెట్టాలన్నదే అసలు పని. డెసి, రిచర్డ్ రయన్ కలిసి నిర్మించిన సిద్ధాంతం ప్రకారం మనిషికి మూడు కావాలి: ఇది నేను ఎంచుకున్నదన్న భావం, ఇది నాకు చేతనవుతోందన్న భావం, ఇక్కడి వాళ్ళలో నేనూ ఒకడినన్న భావం. లైబ్రరీ పీరియడ్‌లో ఈ మూడూ చాలా చిన్న చిన్న ఏర్పాట్లతో వస్తాయి.

ఎంపిక అంటే బీరువా మొత్తం తెరిచి వదిలేయడం కాదు. 200 పుస్తకాల ముందు నిలబడ్డ పిల్లవాడు దగ్గరున్నది లాగుతాడు. బెంచీకి ఐదారు పుస్తకాలు, కొన్ని బొమ్మలెక్కువ ఉన్నవి, కొన్ని కథలు, ఒకటి రెండు జంతువుల గురించో యంత్రాల గురించో. దాంతోపాటు 10 పేజీలు చదివి నచ్చకపోతే మధ్యలో వదిలేసే హక్కు. ఈ హక్కుకి పెద్దలం ఒప్పుకోం, కానీ వదిలేయడానికి వీల్లేకపోతే ఎంచుకోవడానికీ భయపడతారు.

చేతనవడం అంటే స్థాయి. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి చదువుతూ, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ అయ్యేలోపే ఐదు వేళ్ళూ మడిస్తే ఆ పుస్తకం ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. పల్చటి పుస్తకం చదివేవాణ్ణి "ఇంత చిన్నదా" అని ఎద్దేవా చేయకండి, కొందరికి అదే సరైన పుస్తకం.

మూడోదానికి అన్నిటికంటే తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం. మీరే పీరియడ్ మొదట్లో 8 నుంచి 10 నిమిషాలు ఒక కథ గట్టిగా చదివి, ఉత్కంఠగా ఉన్నచోట ఆపేసి ఆ పుస్తకం బల్ల మీద వదిలేయండి. మిగతా సమయం మీరూ ఏదైనా పుస్తకం చదవండి. నోట్సులు దిద్దుతూ పిల్లల్ని చదవమంటే చదవడం పిల్లలకు చెప్పే పని మాత్రమే అన్నట్టు ఉంటుంది. చివరి 5 నిమిషాలు ఎవరైనా ఇద్దరు తమ పుస్తకం గురించి పక్కవాళ్ళకి చెప్పాలి. ఏడో తరగతి పిల్లలకు మన సిఫారసు కంటే పక్క బెంచీ సిఫారసు బలమైనది.

మెచ్చుకునే మాట కూడా మార్చాలి. మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో 5వ తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో "నువ్వు తెలివైనవాడివి" అని మెచ్చుకున్న పిల్లలు, కష్టమైన పజిల్స్ వచ్చి తప్పాక, "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్న పిల్లల కంటే త్వరగా నీరుగారిపోయారు. తెలివికి కట్టిన మెప్పు తప్పు చేయగానే పోతుంది మరి. "వెరీగుడ్ రా, నువ్వు మన క్లాసుకే టాపర్‌వి" అనే బదులు, "ఆ పేరా అర్థం కాక మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివావు, అందుకే ఆ ముసలామె ఎందుకు అబద్ధమాడిందో నీకు పట్టుబడింది" అనండి. పిల్లవాడు ఏం చేశాడో, దానివల్ల ఏమైందో అందులో ఉండాలి. "నేను చెప్పినట్టే చేశావు, మంచిది" అన్న మెప్పు కూడా వద్దు, అది మెప్పు రూపంలో ఉన్న అదుపు.

నోట్సులు, ఎఫ్‌ఏ (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షల) పేపర్లు దిద్దేటప్పుడు ఇంకో సంగతి. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ఇజ్రాయెల్ పిల్లల మీద చూసింది: వ్యాఖ్య మాత్రమే రాసినప్పుడు పని, ఆసక్తి రెండూ నిలిచాయి. మార్కు మాత్రమే ఇచ్చినా, మార్కుతోపాటు వ్యాఖ్య రాసినా ఆసక్తి అంతగా నిలవలేదు. పక్కన మార్కుంటే పిల్లలు వ్యాఖ్య చదవరు, పక్కవాడి మార్కు చూస్తారు. మనం మార్కులు వేయక తప్పదు. కాబట్టి పేపరు మీద ముందు ఒక్క వాక్యం రాసి ఇచ్చి, ఒక తప్పు సరిచేయించి, మార్కు రెండు రోజుల తర్వాత చెప్పండి. 42 మందికి ఒకేరోజు రాయాలనుకుంటే మూడోవారం మానేస్తారు, రోజుకి 14 మంది చొప్పున రాయండి.

ఇదంతా ఇష్టం పుట్టే అవకాశం ఉన్న పనికి. ఎక్కాలు, చేతిరాత, ఒత్తుల డిక్టేషన్ లాంటివి వేరు. వాటిలో మొదట్లో ఇష్టమే లేదు కాబట్టి బహుమతి చెడగొట్టేదీ లేదు. బహుమతులు హానికరమా కాదా అని 1990లలో హానికరమనే డెసి వర్గానికీ, అంత హాని లేదనే పరిశోధకులు జూడీ కామెరాన్, డేవిడ్ పియర్స్‌లకూ గట్టి వాదనే నడిచింది. విసుగు పుట్టించే పనుల్లో మాత్రం బహుమతి వల్ల ఇష్టం దెబ్బతినదన్నది రెండు పక్షాల లెక్కల్లోనూ కనిపిస్తుంది. అందుకని అక్కడ స్టార్ వాడుకోండి, కొన్ని షరతులతో: చిన్నది, అదే రోజు ఇచ్చేది, చేసిన ప్రతి ఒక్కరికీ వచ్చేది, మూడు నాలుగు వారాలకు ముగిసేది. దానికి ముందు విసుగుని ఒప్పుకోవాలి. "ఎక్కాలు అప్పజెప్పడం విసుగే, నాకు తెలుసు. 13వ ఎక్కం నోటికొస్తే భాగహారంలో ప్రతి అడుగుకీ ఆగక్కర్లేదు, అందుకే అడుగుతున్నాను. రోజూ ఐదు నిమిషాలే." విసుగుని ఒప్పుకోవడం, కారణం చెప్పడం, ఒత్తిడి తగ్గించడం ఈ మూడూ కలిసినప్పుడు విసుగు పనిని కూడా పిల్లలు తమదిగా చేసుకుంటారు.

ఎందుకంటే లోపలి ప్రేరణకీ, బయటి ప్రేరణకీ మధ్య చాలా మెట్లున్నాయి. నాన్న కొడతాడని చదవడం ఒకటి, నలుగురిలో పరువు పోతుందని చదవడం ఒకటి, ఇది నాకు పనికొస్తుందని చదవడం మరొకటి, ఇష్టమై చదవడం ఇంకొకటి. పదో తరగతి పిల్లలందరికీ త్రికోణమితి మీద ప్రేమ పుట్టించలేం. పరువు మెట్టు నుంచి పనికొస్తుందన్న మెట్టుకి తేగలిగితే అది చాలా పెద్ద మార్పు. క్రిస్ హల్‌మన్, జూడిత్ హరాకివిచ్ అనే పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో హైస్కూలు సైన్సు విద్యార్థుల చేత, నేర్చుకున్నది తమ జీవితంలో ఎక్కడ తగులుతుందో అప్పుడప్పుడు రాయించారు. తాము రాణించలేమనుకునే పిల్లల్లో ఆసక్తి, గ్రేడ్లు రెండూ పెరిగాయి. పిల్లలే రాయడంలో ఉంది కిటుకు. "ఇది మీకు ఎంతో ఉపయోగం" అని మనం ఉపన్యాసమిస్తే నమ్మకం తక్కువున్న పిల్లలు ఇంకా బెదురుతారు. మీ బడి గణితం టీచర్‌కి చెప్పండి: 7వ తరగతి వడ్డీ లెక్కల దగ్గర "నూటికి రెండు రూపాయలు" అని ఊళ్ళో అనేది నెలకు కాబట్టి ఏడాదికి 24 శాతమని, 50,000 అప్పుకి ఏడాదిలో 12,000 వడ్డీయే కట్టాలని పిల్లలే లెక్కగట్టి, నాలుగు వాక్యాలు రాయాలి. ఇంట్లో అప్పులెంతో మాత్రం అడగకూడదు. ఎరువుల కొట్టు, ఫోన్ వాయిదాలు, ఎవరిదీ కాని ఊహించిన అంకె, వాళ్ళిష్టం.

హెచ్‌ఎం గారు స్టార్ల చార్టు ఏమైందని అడగొచ్చు, పరిశీలనకు వచ్చినవాళ్ళకి గోడ మీద ఏదో ఒకటి కనిపించాలి. దాని బదులు పిల్లలు రాసిన ఒంటి వాక్యాలు, పేర్లు లేకుండా, పుస్తకం అట్ట పేరు కింద అతికించండి. కొత్తగా పుస్తకం వెతుక్కునేవాళ్ళకి అవే సూచిక.

పెన్నులు ఆపిన ఆరు వారాలకు మళ్ళీ ఆ 10 నిమిషాల పరిశీలన రెండుసార్లు చేసి, మొదటి వారం చుక్కలతో పోల్చండి. ముందునుంచీ చదివే ఆ నలుగురైదుగురి చుక్కలు ముందు చూడండి, దెబ్బ తిన్నది వాళ్ళే కాబట్టి. వాళ్ళు ఇంకా వెనక్కి రాకపోతే పుస్తకాలు పాతబడిపోయి ఉంటాయి. మండల గ్రంథాలయం నుంచో, పక్క హైస్కూలుతో మార్పిడి చేసో 20, 30 కొత్తవి తెప్పించి, ఏవి తేవాలో వాళ్ళనే రాసివ్వమనండి.